పండుగలో వంతు, పక్కకు తప్పుకునే హక్కు

చైత్ర పౌర్ణమి రాత్రి బెంగళూరు పాతపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ అనే పవిత్ర కలశం బయలుదేరుతుంది. స్త్రీవేషం ధరించిన పూజారి మల్లెపూలతో అలంకరించిన కరగను తలకెత్తుకుని నడుస్తుంటే, కత్తులు దూసిన వీరకుమారులు ఆయన చుట్టూ సాగుతారు. తిగళ సమాజం ద్రౌపదిని ఆదిశక్తిగా కొలిచే ఉత్సవమిది. ఈ ఊరేగింపు దారిలో కాటన్‌పేటలో ఉన్న హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గా కూడా ఉంది. కరగ అక్కడ ఆగుతుంది, దర్గాలో మర్యాద అందుకుంటుంది, ఆ తర్వాతే ముందుకు కదులుతుంది. 2022లో కొన్ని సంస్థలు దర్గా దగ్గర ఆగే ఆచారాన్ని మానుకోవాలని ఒత్తిడి తెచ్చినప్పుడు ఉత్సవ నిర్వాహకులు ఒప్పుకోలేదు. కరగ ఎప్పటిలాగే అటువైపుగానే వెళ్లింది.

దర్గా దగ్గర ఆగినంత మాత్రాన కరగ మతాచారం కాకుండా పోలేదు. అది నూటికి నూరుపాళ్లు పూజే. ద్రౌపదికి జరిగే వ్రతనియమాల్లో దేన్నీ ఎవరికోసమూ పలచన చేయలేదు. అటు దర్గాలో ఉన్నవారెవరూ ద్రౌపదిని కొలవవలసిన అవసరమూ రాలేదు. భిన్న మతాలవారు కలిసి బతికే నగరంలో పండుగల గురించి జరిగే చర్చ సాధారణంగా రెండు కొసల మధ్యనే ఊగిసలాడుతుంది. పండుగలోని దేవుణ్ణి తీసేసి సాంస్కృతిక కార్యక్రమంగా మారిస్తే అందరిదీ అవుతుందన్నది ఒక వాదన. ఇది మన సంస్కృతి కనుక ఇక్కడ బతికేవారంతా పాల్గొనాల్సిందేనన్నది రెండో వాదన. రెండూ పొరపాటే. పండుగ తన మతాన్ని తనలోనే ఉంచుకుని కూడా పదిమందిదీ కాగలదు. అందుకు రెండు కావాలి: వచ్చేవారికి అందులో నిజమైన వంతు ఉండాలి, రానివారికి రానందువల్ల ఏ నష్టమూ కలగకూడదు. ఈ రెండోదాన్ని మనం సులువుగా మరిచిపోతాం.

బెంగళూరులోని తెలుగువారికి ఈ విషయం మిగతావారికంటే దగ్గరిది. 2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లా జనాభా 96 లక్షల పైచిలుకు. అందులో నూటికి దాదాపు 80 మంది హిందువులు, దాదాపు 13 మంది ముస్లింలు, ఐదుగురు క్రైస్తవులు. భాష ప్రకారం చూస్తే కన్నడం తర్వాత తమిళం, తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు తోడు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చినవారు, మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల కొత్తగా ఇళ్లు కొనుక్కున్న కోస్తా, తెలంగాణవారు చేరారు. వీరిలో ఎక్కువమంది మతం విషయంలో ఈ నగరపు మెజారిటీలో భాగం, పండుగ ఆచారాల విషయంలో మాత్రం మైనారిటీ. ఒకే మనిషి రెండు స్థానాల్లోనూ నిలబడి చూడగల అవకాశం అందరికీ దొరకదు.

శ్రీరామనవమినే తీసుకుందాం. బెంగళూరు వీధుల్లో ఆ రోజు బల్లలు వేసి పానకం, నీరు మజ్జిగ, కోసంబరి పంచుతారు. కోసంబరి అంటే నానబెట్టిన పెసరపప్పులో సన్నగా తరిగిన దోసకాయ, కొబ్బరి కోరు, కొత్తిమీర కలిపి ఆవాల తాలింపు పెట్టి నిమ్మరసం పిండినది. తెలుగువారి వడపప్పుకు ఇది సొంత చెల్లెలే, కొంచెం ఎక్కువ ముస్తాబైంది అంతే. చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో 1939 నుంచి సాగుతున్న రామనవమి సంగీతోత్సవానికి వచ్చేవారిని మతమేమిటని గానీ భాషేమిటని గానీ ఎవరూ అడగరు. వచ్చినవారు కచేరీ విని వెళ్లవచ్చు, రాముడికి దణ్ణం పెట్టుకునీ వెళ్లవచ్చు.

ఉగాది కన్నడిగులకూ తెలుగువారికీ ఒకే రోజు. అయినా కన్నడ ఇళ్లలో ఆ రోజు ముఖ్యం వేపపువ్వు, బెల్లం. తెలుగు ఇళ్లలో ఆరు రుచుల పచ్చడి. పాత మైసూరు ప్రాంతంలో ఉగాది మరునాడు హొసతొడకు పేరుతో మాంసాహార విందు చేసుకోవడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న వచ్చాయి. అంటే హొసతొడకు, ఈద్ ఒకే రోజున పడ్డాయి. మటన్ దుకాణానికి ఇద్దరూ పండుగ కోసమే వెళ్లారు. మాంసం ఒక మతానిది, శాకాహారం మరొక మతానిది అని గీత గీసేవారు ఈ ఒక్క రోజును గుర్తుంచుకుంటే చాలు.

తెలుగు నేల మీద ఇలాంటి పంపకం కొత్తేమీ కాదు. కడప జిల్లా నుంచి బెంగళూరు వచ్చిన ఎవరినడిగినా దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి సంగతి చెబుతారు. ఉగాది నాడు అక్కడ ముస్లిం కుటుంబాలు బారులు తీరి స్వామిని దర్శించుకుంటాయి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు గనుక వేంకటేశ్వరుడు తమకు అల్లుడు అన్నది వారి నమ్మకం. బెల్లం, చింతపండు, బియ్యం తెచ్చి సమర్పించుకుంటారు. మొహర్రం సమయంలో తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవారిలో, గుండం చుట్టూ అలాయి ఆడేవారిలో హిందువులు ఎందరో. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేరుతో జరిగే మొహర్రం ఉత్సవానికి కర్ణాటక నుంచీ జనం వెళతారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఒకరి రొట్టె మరొకరి చేతిలోకి మారుతుంది. ఇక్కడెక్కడా ఎవరూ మతం మార్చుకోలేదు, మతాన్ని దాచుకోనూ లేదు. అల్లుడికి సారె తెచ్చేవారిగా, పీరును మోసేవారిగా, రొట్టె అందుకునేవారిగా ఒక్కొక్కరికీ ఆ పండుగలో చెప్పుకోదగ్గ స్థానం దొరికింది. పక్కన నిలబడి చప్పట్లు కొట్టే అతిథి స్థానం కాదది, వంతు.

అయితే పల్లె నుంచి ఈ ఒక్క ముక్కనే తెచ్చుకుని మురిసిపోతే సగం నిజమే చెప్పినట్టు. పల్లె పండుగలో వంతులను నిర్ణయించింది ఎక్కువగా కులమే. డప్పు కొట్టేవారికి డప్పు కొట్టే వంతు దక్కింది కానీ గుడి గడప దాటే వంతు దక్కలేదు. ఊరి కొలుపుకు చందా ఇవ్వబోమన్నా, డప్పు కొట్టబోమన్నా ఊరి కట్టుబాటును ధిక్కరించినట్టుగా చూసి, ఆ కుటుంబాలకు నీళ్లూ పనీ ఆపిన సందర్భాలు తెలుగు పల్లెల చరిత్రలో ఉన్నాయి. క్రైస్తవంలోకి వెళ్లిన దళిత కుటుంబాల్లో చాలామందికి ఇది ముందుతరం జ్ఞాపకం. అలాంటి కుటుంబం నుంచి వచ్చి బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవారు వినాయక చవితి చందా అడిగినప్పుడు తటపటాయిస్తే దాన్ని పిసినారితనంగానో మతద్వేషంగానో లెక్కగట్టడం అన్యాయం. వారికి తెలిసిన చరిత్రలో చందా అంటే అడగడం కాదు, ఆజ్ఞ. పల్లె పండుగ వంతునిచ్చింది కానీ తప్పుకునే వీలునివ్వలేదు. నగరం రెండూ ఇవ్వగలదు, ఇవ్వాలి కూడా.

ఆ పరీక్ష ఎక్కువగా జరిగేది గుళ్లలోనో మసీదుల్లోనో కాదు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో. ఆగస్టు వస్తూనే వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం కనిపిస్తుంది: వినాయక చవితికి ఫ్లాటుకు ఇంత. రెండు రోజుల తర్వాత అదే గ్రూపులో ఒక పట్టిక వస్తుంది. ఫ్లాట్ నంబర్లు వరుసగా ఉంటాయి. ఇచ్చినవారి ఎదురుగా అంకె, ఇవ్వనివారి ఎదురుగా ఖాళీ గడి. లెక్క పారదర్శకంగా ఉండాలన్న మంచి ఉద్దేశంతోనే ఎవరో కష్టపడి దాన్ని తయారు చేసి ఉంటారు. కానీ ఆ ఖాళీ గడులు ఎవరివో చదివినవారందరికీ తెలుస్తుంది. ఆ పట్టిక వెలువడిన క్షణం నుంచి చందా స్వచ్ఛందం కాదు. తర్వాత ఇచ్చే ప్రతి రూపాయీ భక్తితో ఇచ్చిందో, మొహమాటంతో ఇచ్చిందో చెప్పలేం. వినాయకుడి పేరిట వసూలైన డబ్బు మీద ఇలాంటి అనుమానం మిగలడం భక్తులకే ముందుగా బాధ కలిగించాలి.

దీనికంటే పెద్ద చిక్కు, పండుగ ఖర్చును మెయింటెనెన్స్ డబ్బులోంచి తీయడం. లిఫ్టుకూ నీటికీ కాపలాదారుల జీతాలకూ ప్రతి ఇల్లూ తప్పనిసరిగా కట్టే సొమ్ము అది. ఏదో ఒక మతాన్ని పోషించడానికి కేటాయించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. అది ప్రభుత్వం విధించే పన్నులకు సంబంధించినదే తప్ప అపార్ట్‌మెంట్ సంఘానికి నేరుగా వర్తించదు. కానీ దాని వెనకున్న న్యాయం ఇక్కడికీ సరిపోతుంది: కట్టక తప్పని డబ్బుతో పూజ చేయకూడదు. పండుగ చందాకు వేరే ఖాతా ఉంచి, ఎంత వచ్చిందో ఎంత ఖర్చయిందో ప్రకటించి, ఎవరిచ్చారన్నది కోశాధికారి దగ్గరే ఉంచితే సమస్య చాలావరకు తీరిపోతుంది. హైదరాబాద్ నుంచి తెలుగువారు వెంట తెచ్చుకున్న లడ్డూ వేలం ఈ విషయంలో మంచి పద్ధతే. పాడుకునేవారు తమ ఇష్టంతోనే పాడుకుంటారు, పాడుకోనివారిని ఎవరూ లెక్కించరు.

హాలు విషయమూ అంతే. వినాయకుడికి మూడు రోజులు ఉచితంగా ఇచ్చిన క్లబ్‌హౌస్‌ను ఇఫ్తార్ విందుకు అడిగినప్పుడు "మతపరమైన కార్యక్రమాలకు ఇవ్వం" అనే నియమం హఠాత్తుగా గుర్తుకు రావడం చాలాచోట్ల వినిపించే ఫిర్యాదే. క్రిస్మస్ చెట్టుకు అభ్యంతరం ఉండదు, ప్రార్థన కూటానికి ఉంటుంది. ఓనం పూలముగ్గుకు ఉండదు, ఖురాన్ పఠనానికి ఉంటుంది. అలంకారం కనబడితే పండుగ, ప్రార్థన వినబడితే మతం అని అనుకోవడం నుంచి ఈ తేడా పుడుతోంది. తమ పండుగలోని మంత్రం మాత్రం మెజారిటీకి ఇంట్లో వినిపించే మామూలు చప్పుడులా ఉంటుంది కనుక దాన్ని మతంగా గుర్తించరు. హాలును ఎవరికీ ఇవ్వకపోవడం ఒక పద్ధతి, అందరికీ ఒకే గంటలు, ఒకే అద్దె, ఒకే శుభ్రత నియమంతో ఇవ్వడం ఇంకొక పద్ధతి. రెండోది మేలు. ఎందుకంటే ఇఫ్తార్‌కు పిలిచినవారి ఇంటికి చవితి ఉండ్రాళ్లు తీసుకెళ్లడం తేలిక.

ఉండ్రాళ్లు పుచ్చుకోనివారూ ఉంటారు. నైవేద్యం పెట్టిన పదార్థం తినకూడదని నమ్మే క్రైస్తవులు, ముస్లింలు ఉన్నారు. నిస్సంకోచంగా తినేవారూ ఉన్నారు. బక్రీదు బిర్యానీ ముట్టని హిందువులు ఎందరో. పుచ్చుకోకపోవడం తిరస్కారం కాదు. నైవేద్యానికి ముందే కొంత విడిగా తీసి ఉంచే ఇళ్లు ఉన్నాయి; ఈద్ నాడు శాకాహారుల కోసం షీర్ ఖుర్మా, పండ్లు ప్రత్యేకంగా పంపే ఇళ్లూ ఉన్నాయి. ఈ చిన్న జాగ్రత్త తీసుకున్న గృహిణులు రాజ్యాంగ నిపుణులకంటే బాగా సమస్యను అర్థం చేసుకున్నారు.

సెలవుల దగ్గరికి వస్తే, కర్ణాటకలో పరిశ్రమల్లో జాతీయ, పండుగ సెలవుల కోసం 1963 నాటి చట్టం ఉంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, కన్నడ రాజ్యోత్సవమైన నవంబరు 1 సెలవులుగా ఇచ్చి, వీటికి మరో ఐదు పండుగ సెలవులు చేర్చాలి. ఇన్ని మతాల నగరంలో ఐదు పండుగలను ఎంచడమే కష్టం. తెలుగు ఉద్యోగికి ఈ ఇబ్బంది సంక్రాంతికి తెలిసివస్తుంది: ఇక్కడ సంక్రాంతికి సెలవు దొరుకుతుంది, భోగికీ కనుమకూ దొరకదు. తెలంగాణవారికి బోనాలకూ బతుకమ్మకూ దొరకదు. మేనేజరు ముందు నిలబడి కనుమ అంటే ఏమిటో వివరించి సెలవు అడిగినవారికి, పక్క సీటులోని ముస్లిం సహోద్యోగి ఇబ్బంది వెంటనే అర్థం కావాలి. ముస్లిం పండుగలను లెక్కించే హిజ్రీ సంవత్సరం 354 లేదా 355 రోజులది. తెలుగు పంచాంగం చాంద్రమానాన్నే అనుసరించినా 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలను చేర్చుకుని ఋతువులతో కలిసి నడుస్తుంది. హిజ్రీ లెక్కలో అధిక మాసం లేదు. అందువల్ల రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పైగా నెలవంక కనిపించాకే పండుగ ఖాయమవుతుంది. ముందురోజు రాత్రి సెలవు మార్చమని అడిగేవారు క్రమశిక్షణ లేనివారు కారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఏడాదికి రెండు ఐచ్ఛిక సెలవులను జాబితా నుంచి ఎంచుకోవచ్చు. ప్రైవేటు సంస్థలు ఇలా ఎంచుకునే సెలవులను నాలుగైదుకు పెంచితే కనుమకూ ఈద్ మరునాటికీ గుడ్ ఫ్రైడేకూ ఒకే దారిలో పరిష్కారం దొరుకుతుంది.

గుడ్ ఫ్రైడే అంటే గుర్తుకు వస్తుంది, ఆ రోజు శుభాకాంక్షలు చెప్పకూడదు. అది క్రీస్తు శిలువ మరణాన్ని తలచుకునే రోజు. మొహర్రం పదో రోజు కర్బలాలో ఇమాం హుసేన్ మరణాన్ని స్మరించే రోజు. సెలవు ఉన్న ప్రతి రోజూ సంబరమే అనుకుని పూలబొమ్మలతో సందేశాలు పంపడం వల్ల మంచి మనసే ఎదుటివారి మనసు నొప్పించేలా తయారవుతుంది.

వీధిలోకి వచ్చిన పండుగకు లెక్క వేరు. ఇక్కడ చట్టం మాట్లాడవలసిందే, అందరితోనూ ఒకేలా మాట్లాడవలసిందే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాల్లో మైకులు నిషిద్ధం. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మైకులో ప్రార్థించాలని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది చెన్నైలోని ఒక చర్చి కేసులో; ఆ మాట వినాయక మండపానికీ మసీదుకూ సమానంగా వర్తిస్తుంది. 2018 అక్టోబరులో బాణసంచా మీద ఇచ్చిన ఆదేశంలో దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకు, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ రాత్రి 11.55 నుంచి 12.30 వరకు అని అందరికీ గంటలు కట్టింది. అజాన్ మీద మాత్రమే ఫిర్యాదు చేసేవారు, నిమజ్జనం డీజే మీద మాత్రమే ఫిర్యాదు చేసేవారు ఒకే చట్టాన్ని సగం సగం చదువుతున్నారు.

ఆయుధపూజ నాడు బెంగళూరు రోడ్ల మీద పగలగొట్టే బూడిద గుమ్మడికాయలకూ ఇదే వరస. దిష్టి తీయడం నమ్మకం, దాన్ని కాదనవలసిన పని లేదు. కాయ ముక్కల మీద జారిపడే ద్విచక్రవాహనదారుడికి మాత్రం ఆ నమ్మకంతో సంబంధం లేదు. కొట్టినవారే పక్కకు ఊడ్చేస్తే సరిపోతుంది.

ఈ విషయంలో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది స్థలం. 2022లో చామరాజపేట ఈద్గా మైదానంలో వినాయక చవితి జరపాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆగస్టు 30న, పండుగకు సరిగ్గా ముందురోజు, యథాతథ స్థితిని కొనసాగించాలని కోర్టు ఆదేశించింది. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానాలకు సంబంధించినది. కానీ ఎదుటివారి స్థలంలోనే తమ పండుగ జరగాలన్న పట్టుదల పుట్టినప్పుడు వినాయకుడు వెనక్కి వెళ్లి గెలుపు ముందుకొస్తుంది. కరగ దర్గాకు వెళ్లడానికీ దీనికీ ఉన్న తేడా అదే. కరగకు అక్కడ స్వాగతం ఉంది.

స్వాగతం ఇవ్వవలసినవారు తలుపులు మూసే సందర్భాలూ వస్తాయి. మైసూరు దసరాను ప్రభుత్వం జరుపుతుంది. 2017లో కవి కె.ఎస్. నిసార్ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి పొందిన రచయిత్రి బాను ముష్తాక్‌ను ఆహ్వానించినప్పుడు అభ్యంతరాలు వచ్చి, కర్ణాటక హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను కొట్టివేశాయి. ఆమె వచ్చి ప్రారంభించారు. ఇక్కడ గమనించవలసింది, ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె ఇష్టపడి వచ్చారు. రానని ఉంటే కూడా అది ఆమె హక్కే అయ్యేది. దసరా ప్రజల సొమ్ముతో జరిగేది కనుక ప్రభుత్వానికి ఎవరినైనా పిలిచే స్వేచ్ఛ ఉంది. గుడి లోపలి పూజ ఎవరు చేయాలన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఆ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లనే అంత దుమారం రేగింది.

తెలుగు సంఘాలకు ఇదే విభజన పనికొస్తుంది. బెంగళూరులో ఉగాది సభలు సాధారణంగా పూజతో మొదలై, పంచాంగ శ్రవణం మీదుగా కవిసమ్మేళనానికి చేరి, భోజనాలతో ముగుస్తాయి. ఉగాది తెలుగువారందరి పండుగ అని వేదిక మీద చెబుతారు. తెలుగు రాసే, తెలుగులో కలలు కనే ముస్లింలు, క్రైస్తవులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు కనుక ఆ మాట నిజం కావాలి. అందుకు పూజను తీసేయనక్కర్లేదు. ఆహ్వానపత్రికలో పూజ ఎనిమిదిన్నరకు, పంచాంగ శ్రవణం తొమ్మిదిన్నరకు, కవిసమ్మేళనం పదిన్నరకు అని విడివిడిగా వేసి, ఎవరికి ఇష్టమైన వేళకు వారు రావచ్చని ఒక వాక్యం చేర్చవచ్చు. కవిసమ్మేళనానికి అధ్యక్షత వహించే వంతు అన్ని మతాల కవులకూ తిరుగుతూ రావాలి. భోజనంలో అందరూ తినగలిగేవి ఉండాలి, పచ్చడి మాత్రం పొద్దున నైవేద్యం పెట్టిన గిన్నెలోది కొంత, పెట్టనిది కొంత వేరువేరుగా వడ్డించాలి.